వల్లకీ కోసానికీ మధ్య ఒక వరిమడి

నమోదు 1. వెన్నులు పాలు పోసుకున్న రోజు

మంచుపాలెంలో 'కోసం' అనే మాట పలకడం నేరమేమీ కాదు. ప్రేమించుకునేవాళ్ళు పలకవచ్చు, పాటలు కట్టేవాళ్ళు పలకవచ్చు. నా శాఖలో ఎవరైనా రాస్తే మాత్రం కలం లాక్కుని ఇంటికి పంపిస్తాను. నా పేరు హైమవతి. కారణాల శాఖకు పెద్దను. ఊళ్ళో మమ్మల్ని 'వల్ల శాఖ' అంటారు. పైపు ఎందుకు పగిలింది, దీపం ఎందుకు ఆరింది అని మేస్త్రీ అడిగితే ఫలానా దానివల్ల అని చెప్పడం మా పని.

మేస్త్రీ అంటే మనిషి కాదు. ఈ మంచు చందమామ మీద మా ఊరి గాలినీ నీళ్ళనూ తూములనూ నడిపే యంత్రం. కారణం చెప్పందే ఏ మరమ్మతుకూ ఒప్పుకోదు. ఆ కారణం 'వల్ల'తో ముగియాలి. 'కోసం', 'టానికి' కనబడితే తిప్పికొడుతుంది. దానికో కథ ఉంది. మా తాతల కాలంలో స్నానాల గదులకు నీళ్ళు వెళ్ళే తూము దానంతట అదే మూసుకుపోయింది. ఎందుకు మూసుకుంది అని మేస్త్రీ అడిగింది. ఎవరో మహానుభావుడు 'ఒత్తిడిని అదుపులో ఉంచటానికి' అని రాశాడు. మంచి పనే చేస్తోంది కదా అని మేస్త్రీ తూమును అట్లాగే ఉంచేసింది. వారాల తరబడి ఊరు ఊరంతా స్నానం లేకుండా తిరిగింది. చివరికి తీసి చూస్తే లోపల అడ్డంగా ఒక చెప్పు! తెలుగులో 'ఎందుకు' అన్న ఒక్క మాటతో దేనివల్ల అనీ అడగవచ్చు, దేనికోసం అనీ అడగవచ్చు. ఆ ఒక్క మాట మా తాతలకు కంపు పట్టించింది. అందుకే ఈ నియమం. నాకు ఈ నియమం అంటే ప్రాణం.

సరే, ఇవాళ్టి సంగతి. మా అమ్మాయి స్వరాజ్యం పండిస్తున్న వరి పాలు పోసుకుంది! పచ్చి గింజను గోటితో నొక్కితే తెల్లటి చుక్క బయటికొచ్చింది. దాన్ని చూడటానికి ఊళ్ళో సగంమంది వరసకట్టారు. మేము పుట్టినప్పటి నుంచి తింటున్నది తొట్లలో పెంచిన పాచి ముద్ద. అయినా ఎదురుపడితే "అన్నం తిన్నారా?" అనే పలకరించుకుంటాం. ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అన్న సామెత వాడని రోజు లేదు. మెతుకును చూసినవాడు లేడు.

తొలి ఓడలో వచ్చిన వడ్లు చల్లగదిలో మూలుగుతుంటే, ఆరేళ్ళు సభ చుట్టూ తిరిగి స్వరాజ్యం ఒక మడికి సరిపడా వేడినీళ్ళు సంపాదించింది. సభవాళ్ళు ఒక్క పంటకే ఒప్పుకున్నారు. గింజ కడితే మడి శాశ్వతం. తాలు పోతే ఆ వేడి పాచి తొట్లకు వెళ్ళిపోతుంది, వరి మాట మళ్ళీ ఎత్తకూడదు.

నా కూతురని చెప్పడం కాదు గానీ, దాని మొండితనం ముందు ఈ మంచు ఎంత!

నమోదు 2. మర్నాడు

నోటితో అనకూడదు, నిన్న సంబరపడ్డానో లేదో ఇవాళ మడి చల్లబడింది.

ఊరికింద ఒక వేడి ఊట ఉంది. దాని నీళ్ళు మంచును కరిగించుకుంటూ వాగులా పారి, మడి అడుగునుంచి వెళ్ళి, ఊరి చివర దిగుడుబావిలో పడతాయి. ఆ వాగే మడికి వెచ్చదనం. ఇప్పుడు వాగు సన్నబడింది. పాలు పోసుకునే వేళ చలి తగిలితే గింజ నిండదు, పొట్టు మిగులుతుంది.

నేను వెళ్ళేసరికి స్వరాజ్యం మడి గట్టు మీద గొంగళి కప్పుకుని కూర్చుని ఉంది. తనకు చలేసి కాదట, ఆ గొంగళి ఎంత వెచ్చగా ఉంటుందో చూసి వరి మీద కప్పాలట.

"కంగారుపడకే. వేడి దేనివల్ల తగ్గిందో నేను కనుక్కుంటాగా" అన్నాను.

"నాకు కారణం ఎందుకమ్మా? వేడి కావాలి."

"కారణం తెలీకుండా మేస్త్రీ తూము తిప్పదు."

"మరి తొందరగా తెలుసుకో. వెన్ను ఆగదు" అంది. గొంతులో కోపం ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. కోపం లేదు, భయం ఉంది.

మా శాఖవాళ్ళు ఊట దగ్గర మొదలుపెట్టి మంచుకు చిల్లులు పొడుస్తూ ఉష్ణమాపకాలు దించారు. మా పద్ధతి అది. ఇప్పుడు నీళ్ళు ఇక్కడున్నాయి, ఇంత వేడిగా, ఇంత జోరుగా ఉన్నాయి కాబట్టి మరుక్షణం అక్కడికి వెళ్ళాలి. అక్కడినుంచి మరో అడుగు. అలా వెనకది ముందుదాన్ని నెడుతూ పోతుంది. నిఖార్సైన లెక్క. ఒకటే ఇబ్బంది. మంచు కరుగుతున్న కొద్దీ వాగు దారి మారుతుంది, కాబట్టి మేము మొదటి వంపు లెక్క తేల్చేలోపు నీళ్ళు ఎక్కడికి పోవాలో అక్కడికి వెళ్ళిపోతున్నాయి.

నమోదు 3. ఆ మర్నాడు

మా వియ్యంకుడు దిగబడ్డాడు.

పేరు పానకాలు. స్వరాజ్యం మామగారు, ప్రయోజనాల శాఖకు పెద్ద. ఊళ్ళో కొత్తగా గోడ లేపాలన్నా గుంట తవ్వాలన్నా అది దేనికోసమో తేల్చేది వాళ్ళు. అందుకని అది 'కోసం శాఖ'. మేస్త్రీ దగ్గర వాళ్ళ మాట చెల్లదు, సభలో మా మాట చెల్లదు. రెండు శాఖలకూ మధ్య ఒక గోడే ఉంది గానీ, ఆ గోడకు రెండు వైపులా చెవులున్నాయి.

"చెల్లెమ్మా, మీ నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అన్నాడు నవ్వుతూ.

"మొదటి వంపు దాకా వచ్చాయి అన్నయ్య గారూ."

"నీళ్ళా, లెక్కా?"

మండింది. పాచి కాఫీ అయినా ఇవ్వకుండా పంపేద్దామనుకున్నాను. ఆయన తన జేబులోంచి చిన్న కాంతిపుల్ల తీసి నా బల్ల మీది నీళ్ళ గాజుగ్లాసులోకి ఏటవాలుగా వెలుగు వేశాడు. నీళ్ళలోకి దిగేచోట కిరణం వంగింది.

"ఎందుకు వంగింది?" అన్నాడు.

"గాలిలో కంటే నీళ్ళలో వెలుగు నెమ్మదిస్తుంది. అలలో ముందు దిగిన కొస వెనకబడుతుంది, ఇంకా దిగని కొస వెనకబడదు. అందువల్ల మళ్ళుతుంది."

"నేనైతే ఇట్టా చెప్తా. ఈ చివర నుంచి ఆ చివరకి తక్కువ సమయంలో చేరటానికి వంగింది. నువ్వు వంటశాలకి పోవాలంటే బురదమంచులో తక్కువ నడిచి, గట్టిమంచు మీద ఎక్కువ నడవవూ? కొంచెం చుట్టయినా సరే."

"నాకు ఆకలేస్తది కాబట్టి నడుస్తా. వెలుగుకి వంటశాల ఎక్కడుందో ఏం తెలుసు? దారులన్నీ ముందే నడిచి చూసొచ్చిందా?"

"చూసొచ్చిందనే కదమ్మా మీ పుస్తకాల్లో ఉంది! వెలుగు అన్ని దారులా పోద్ది. తక్కినవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయ్. ఈ దారి మిగులుద్ది."

"అట్టా కొట్టేసుకోవడం వల్ల మిగిలింది! వల్ల! మీ నోటితో మీరే ఒప్పుకున్నారు."

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేయను. రెండు లెక్కలూ వేస్తే కిరణం వంపు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే వస్తుంది. ఈ సంగతి మా ఇద్దరికీ బడిలోనే తెలుసు. అయినా నాలుగు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాం.

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు" అంటూ ఆయన తన కాగితం తీశాడు. "ఊట ఈ చివర, దిగుడుబావి ఆ చివర. ఈ రెంటి మధ్య ఏ దారిన పోతే నీళ్ళకి మొత్తం మీద తక్కువ శక్తి ఖర్చవుద్దో చూశా. వాగు చాకిరేవు కిందకి మళ్ళింది. అక్కడ అడ్డుకట్ట వేస్తే మళ్ళీ మడికే వచ్చుద్ది. ఒక్క పూటలో తేలిపోయింది."

నేను నెలల తరబడి చేసే లెక్క ఈయన ఒక్క పూటలో! నా మొహంలో ఏం కనబడిందో గానీ, "కాఫీ ఏదమ్మా?" అన్నాడు.

ఇచ్చాను.

నమోదు 4. అదే రోజు సాయంత్రం

చాకిరేవు కింద తవ్వించాం. ఎముకలా ఎండిపోయి ఉంది. చుక్క నీళ్ళు లేవు.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల పండగైపోయింది. "ఏందన్నయ్య గారూ, నీరు పల్లమెరగలేదే!" అని ఊరంతా వినబడేట్టు అన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

అప్పుడు చూశాను స్వరాజ్యాన్ని. మడి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, చేతిలో ఒక వెన్ను పట్టుకుని మా వెనక నిలబడి ఉంది. తూర్పు మూల వరి పాలిపోయిందట. ఆ వెన్నును నా చేతిలో పెట్టింది. నొక్కి చూశాను. పాలు రాలేదు.

"ఎవరు గెలిచారమ్మా?" అని అడిగింది.

పానకాలు గారు తల దించుకున్నారు. పిల్ల ఏడుస్తూ వెళ్ళి ఉంటే ఓదార్చేదాన్ని. అది ఏడవలేదు. ఇంటింటికీ తిరిగి గొంగళ్ళు అడుక్కుంటూ పోయింది.

నమోదు 5. మర్నాడు పొద్దున

పొద్దున్నే నేనే గోడ దాటి కోసం శాఖలోకి అడుగుపెట్టాను. అక్కడి కుర్రకారు నోళ్ళు తెరిచారు.

"అన్నయ్య గారూ, మీ లెక్క తప్పు కాదు. మీ చివర తప్పు" అన్నాను.

"అంటే?"

"మీ పద్ధతికి రెండు కొసలూ కావాలి. మొదలు ఊట, అది సరే. చివర దిగుడుబావి అని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటమ్మా? దాన్ని ఆ నీళ్ళ కోసమే కదా కట్టింది!"

"కట్టింది మనం. ఆ కోసం మనది, నీళ్ళది కాదు."

ఆయన అట్లాగే కూర్చుండిపోయాడు. ఆయన్ని ఒక్క మాటతో కూర్చోబెట్టడం నా జీవితంలో ఇదే మొదటిసారి. కానీ గొప్పలు చెప్పుకునే ఓపిక లేదు. "నా పద్ధతికి మొదలు చాలు, చివర అక్కర్లేదు. కాకపోతే చివరిదాకా పోయే తీరిక లేదు. మొదటి వంపు మాత్రం ఎటు తిరిగిందో నా దగ్గర పక్కాగా ఉంది. ఈ వంపే తక్కువ ఖర్చు దారి కావాలంటే నీళ్ళు ఎక్కడికి చేరుతుండాలి? వెనక్కి లెక్కేసి చెప్పండి."

పానకాలు గారి కళ్ళు మెరిశాయి. "అమ్మో! నా కోసానికి నీ వల్లని కట్టావు" అంటూ కాగితం లాక్కున్నారు.

ఒకరి అంకెలు ఒకరం సరిచూసుకుంటూ, మధ్యలో రెండుసార్లు అరుచుకుంటూ లెక్క తేల్చాం. వాగు చివర వంటశాల పెరటి కింద ఉంది.

ఇద్దరం పరుగెత్తాం. అక్కడ వంటశాల పెద్ద కోటిలింగం, ఇంత నవ్వు మొహంతో ఒక గోతి పక్కన నిలబడి ఉన్నాడు. గోతిలోంచి కమ్మగా ఆవిరి వస్తోంది.

"రండి రండి! చూశారా నా పొయ్యి!" అన్నాడు. "నిప్పు రాజెయ్యనివ్వరు గదా. అందుకే ఏ శాఖకీ చెప్పకుండా, వరి పాలు పోసుకున్న రాత్రే గొయ్యి తవ్వి కిందనుంచి వేడినీళ్ళ ఆవిరి పట్టా. ఊరందరికీ సరిపడే గుండిగ దించొచ్చు. మొదటి అన్నం వండేది ఇందులోనే అమ్మగారూ!"

నేను గోతిలోకి వంగి చూశాను. ఆ గోతి వాగుకు దగ్గరి పల్లమైపోయి మడి వేడిని మొత్తం లాగేసుకుంటోంది. అన్నం కోసం తవ్విన గొయ్యి వల్ల అన్నమే లేకుండా పోతోంది.

సంగతి చెబితే కోటిలింగం మొహం మాడిపోయింది. "నా చేతులతోనే చంపానా తల్లీ!" అని రెండు చేతులూ చూసుకున్నాడు. అతణ్ణి ఏమనగలం? ఊళ్ళో అతనికంటే ఎక్కువగా ఆ అన్నం కోసం ఎదురుచూసినవాడు లేడు.

నమోదు 6. అదే రోజు, మధ్యాహ్నం

గొయ్యి పూడ్చాలి, మడి తూము బార్లా తెరవాలి. రెంటికీ మేస్త్రీ అనుమతి ఉండాలి. వంటశాల గోడకున్న మేస్త్రీ మాటల పెట్టె ముందు నిలబడ్డాను. పక్కన పానకాలు గారు, వెనక కోటిలింగం, ఆ వెనక ఒళ్ళంతా బురదతో స్వరాజ్యం. సంగతి తెలిసి ఊరు ఊరంతా మంచుగడ్డలు మోసుకుంటూ వచ్చి పెరట్లో చేరింది.

మేస్త్రీ మాట్లాడే తెలుగు మా తాతల నాటి దస్తావేజుల తెలుగు. "మడియందు వేడి తగ్గుట దేనివల్ల?"

"వంటశాల వెనక గొయ్యి తవ్వడం వల్ల."

"గొయ్యి చక్కగా పనిచేయుచున్నది. లోపము లేనిదానిని పూడ్చుటకు వీలులేదు. మూలమందు లోపమేదైన ఉన్నయెడల తెలుపుడు. గొయ్యి తవ్వుట దేనివల్ల?"

"అన్నం వండటం కోసం" అని వెనకనుంచి కోటిలింగం అరిచాడు.

"తిరస్కరించడమైనది."

"నువ్వూరుకోవయ్యా!" అన్నాను. ఒళ్ళు మండింది, అతని మీద కాదు, నా మీద. శాఖ పెద్దగా ఇరవై ఏళ్ళు ఈ నియమాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాను. ఇప్పుడు నా పిల్ల పంటకు అదే అడ్డు. మనిషి చేసిన పనికి 'కోసం' లేకుండా కారణం ఎలా చెప్పేది? నీళ్ళకు లేకపోవచ్చు, కోటిలింగానికి ఉంది కదా!

పానకాలు గారు నా చెవిలో అన్నారు: "చెల్లెమ్మా, ఆ కోసం ఎక్కడుంది? రేపటి అన్నంలోనా, ఇవాళ్టి కోటిలింగంలోనా?"

తట్టింది. అన్నం రేపటిదే కావచ్చు. దాన్ని తినాలన్న కోరిక మాత్రం ఇవాళ్టిది, ఈ మనిషి కడుపులో ఉన్నది.

"ఆశ వల్ల" అన్నాను మేస్త్రీతో. "వంటవాడి ఆశ వల్ల గొయ్యి తవ్వడం జరిగింది."

"అంగీకరించడమైనది. ఆశ లోపమా?"

"కాదు."

"ఆశ దేనివల్ల?"

"పుట్టినప్పటి నుంచి పాచి ముద్ద తినడం వల్ల."

పెరట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పాచి ముద్ద తినుట దేనివల్ల?"

"ఈ ఊళ్ళో వరి లేకపోవడం వల్ల."

"వరి లేకపోవుట లోపమా?"

వెనక్కి తిరిగి చూశాను. నవ్వులు ఆగిపోయాయి. చేతుల్లో మంచుగడ్డలు పట్టుకుని అందరూ నా నోటికేసి చూస్తున్నారు. స్వరాజ్యం పెదవి కొరుక్కుంటోంది. ఆరేళ్ళు సభలో అది అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అది నా శాఖ పని కాదన్నాను.

"లోపమే" అన్నాను. "ఈ ఊరికి ఇంతకంటే పెద్ద లోపం లేదు. రాసుకో."

"మరమ్మతునకు వీలున్నదా?"

"ఉంది. మడిలో వెన్ను మీద ఉంది. నువ్వు ఈ గొయ్యి పూడ్చనిచ్చి ఆ తూము తెరిస్తే."

"కారణము అంగీకరించడమైనది."

తూము కదిలిన చప్పుడు నేల అడుగున వినబడింది. పెరడంతా కేకలు! మొదటి మంచుగడ్డ వేసింది కోటిలింగమే. ఏడుస్తూ వేశాడు, వేస్తూ నవ్వాడు.

"ఇంకా పుట్టని అన్నం వల్ల గొయ్యి పుట్టింది" అన్నారు పానకాలు గారు నాకు గడ్డ అందిస్తూ. "ఇంతకీ ఇది నీ వల్లా, నా కోసమా?"

"నోరు మూసుకుని మంచు మొయ్యండి అన్నయ్య గారూ."

నమోదు 7. కోత అయిన రోజు

తూర్పు మూల తాలు పోయింది. కాదనను. మిగతా మడి నిండింది. గింజ గట్టిపడి, పసుపు తిరిగి, వెన్నులు బరువుకు వంగాయి. ఊరివాళ్ళ గొంగళ్ళన్నీ గడ్డి వాసన వేస్తున్నాయి, ఎవరూ ఉతకనివ్వడం లేదు.

సభ వారి ముందు గింజ చూపించాలి. కుంచెడు వడ్లు దంచి బియ్యం తీయాలన్నారు. దంచడం ఎవరికి తెలుసు? కోటిలింగం బాదిన బాదుడుకు సగానికి సగం నూకలయ్యాయి. సభవాళ్ళు వాటినే అరచేతిలో పోసుకుని వేళ్ళతో కలియబెట్టి చూశారు. పెద్దామె ఒకరు మడి కాగితం మీద సంతకం పెట్టేసి, ఒక నూకను నోట్లో వేసుకున్నారు.

గుండిగ మీద ఆశతో ఊరంతా గిన్నెలతో వచ్చారు. స్వరాజ్యం వడ్ల బస్తాల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇవి తినడానికి కావు. విత్తనం" అంది.

గుంపు నీరుగారిపోయింది. పానకాలు గారు మెల్లిగా, "అదేందమ్మా స్వరాజ్యం, అన్నం కోసమేగా పండించావు?" అన్నారు.

"నేను అన్నం కోసమే మావయ్యా. వరి మాత్రం నా కోసం గింజ కట్టలేదు. దాని పిల్లల కోసం కట్టుకుంది. ముందు దాని పని అవ్వనీయండి."

నాకు నా కూతుర్ని చూసి ఎంత గర్వం వేసిందంటే, పక్కనున్నవాళ్ళను మోచేత్తో పొడిచి మరీ, "మా అమ్మాయే" అన్నాను. వాళ్ళకు తెలుసు.

దంచిన కుంచెడు ఎటూ మొలవవు కాబట్టి వాటిని కోటిలింగం కరెంటు పొయ్యి మీద జావ కాచాడు. ఊరందరికీ మనిషికో చెంచా. నా వంతు వచ్చింది. తెల్లగా, పల్చగా, వేడిగా ఉంది. అందులో రెండో మూడో మెతుకులు. నాలిక మీద పెట్టుకుని ఎంతసేపు ఉంచుకున్నానో తెలియదు. మింగాలనిపించలేదు. ఇన్నేళ్ళుగా రోజూ అన్నం తిన్నారా అని అడుగుతున్నది దీని గురించా!

"ఎట్టా ఉంది చెల్లెమ్మా?" అన్నారు పానకాలు గారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఉప్పు తక్కువైంది" అని గబగబా మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడ్డాను.

స్వరాజ్యం గరిటె పట్టుకుని నా ఎత్తు కనిపెట్టేసింది. "ఏమే అమ్మా, నీ చెంచా అయిపోయిందిగా! చిన్నపిల్లలు నయం" అని అందరి ముందూ కేకలేసింది. నేను దొంగలా నిలబడ్డాను. అది దగ్గరికొచ్చి, బురదచేత్తోనే నా చెంప తుడిచింది.

"వచ్చే పంటకి రెండు చెంచాలు పెడతాలే" అంది.